పిచ్చుకను తరిమిన పట్నం, పిచ్చుకను పిలిచిన పట్నం
బీజింగ్ నగరం నుంచి చిన్న, సన్నకారు రైతులకు ఒక పాఠం

జొన్నచేను కంకి వేసింది. గింజ పాలు పోసుకుంటోంది. తెల్లారేసరికి పిచ్చుకల గుంపు వచ్చి వాలింది. మంచె మీద నిలబడి వడిసెల తిప్పి, డబ్బా కొట్టి, గొంతు బొంగురు పోయేలా అరిచిన రైతుకు ఆ పూట పిచ్చుక అంటే దొంగే. అర ఎకరం, ఎకరం సాగుచేసే వాడికి నాలుగు కంకులు పోయినా కడుపు మండుతుంది. అందులో తప్పేమీ లేదు.

అయితే దొంగ అని తీర్పు చెప్పేముందు ఏడాది లెక్క మొత్తం చూడాలి. ఒక పెద్ద దేశం ఆ లెక్క పూర్తిగా చూడకుండానే తీర్పు చెప్పింది. శిక్ష కూడా అమలు చేసింది. తర్వాత నాలుక కరుచుకుంది. ఆ దేశ రాజధానిలోకి పిచ్చుక ఎలా తిరిగొచ్చిందో తెలుసుకుంటే మన పొలానికి పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి. ఈ వారం పాఠం అదే.

మూడు రోజుల డప్పుల మోత

చైనాలో 1958లో 'నాలుగు పీడల' నిర్మూలన ఉద్యమం ఊపందుకుంది. ఎలుక, ఈగ, దోమ, నాలుగోది పిచ్చుక. మొదటి మూడూ రోగాలు తెచ్చేవి. పిచ్చుకను ఆ జాబితాలో ఎందుకు చేర్చారంటే, అది ధాన్యం తింటుంది కాబట్టి.

ఆ ఏడాది ఏప్రిల్ 19 నుంచి 21 వరకు మూడు రోజుల పాటు బీజింగ్‌లో దాదాపు 30 లక్షల మంది పిచ్చుకల మీదికి కదిలారు. బడిపిల్లలు, ఉద్యోగులు, ముసలీముతకా అందరూ ఇళ్ళ పైకప్పుల మీదికి, చెట్ల కిందికి చేరారు. గిన్నెలు, పళ్ళేలు, డప్పులు వాయించారు. పిచ్చుకను ఎక్కడా వాలనివ్వలేదు. చిన్న పిట్ట, ఎంతసేపని ఎగురుతుంది? అలిసి అలిసి నేల రాలింది. గూళ్ళు పీకేశారు, గుడ్లు పగలగొట్టారు. విషం కలిపిన గింజలు చల్లారు. ఆ మూడు రోజుల్లో ఒక్క బీజింగ్‌లోనే 4 లక్షలకు పైగా పిచ్చుకలు చచ్చాయని అప్పటి లెక్క.

మన ఇళ్ళలో తిరిగే పిచ్చుక, బీజింగ్ పిచ్చుక అన్నదమ్ముల బిడ్డలు. అక్కడి దానికి తల గోధుమరంగులో ఉంటుంది, చెంప మీద నల్లచుక్క ఉంటుంది. ఈ జాతి మన తూర్పు కనుమల్లో, విశాఖ మన్యం వైపు కూడా కనిపిస్తుంది. గుణం మాత్రం రెండింటిదీ ఒక్కటే. మనిషి ఇంటి చూరు పట్టుకుని, మనిషి గింజ తిని బతికే పిట్టలివి.

పొట్ట కోసి చూస్తే తేలిన నిజం

జెంగ్ జువోషిన్ అనే చైనా పక్షి శాస్త్రవేత్త ఈ ఉద్యమానికి ముందే పిచ్చుకల మీద పరిశోధన చేశారు. పండ్ల తోటల ప్రాంతంలోనూ, బీజింగ్ శివారు పొలాల్లోనూ ఎనిమిది వందలకు పైగా పిచ్చుకలను పట్టి, పొట్టలు కోసి, ఏ నెలలో ఏం తిన్నాయో చూశారు. చలికాలంలో ఎక్కువగా గడ్డి గింజలు, కలుపు గింజలు. పిల్లల్ని పెంచే కాలంలో పురుగులు. పంట చేతికొచ్చే కాలంలో ధాన్యం. కాలాన్ని బట్టి, చోటును బట్టి పిచ్చుక మంచీ చెడూ మారుతుంది, అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు అన్నది ఆయన చెప్పిన మాట. ఆ రోజుల్లో ఆ మాట వినేవాళ్ళు తక్కువ.

మరుసటి ఏడాది, 1959లో, షాంఘై లాంటి నగరాల్లో రోడ్డు పక్క చెట్ల ఆకుల్ని పురుగులు తినేశాయి. పొలాల్లోనూ పురుగు ఉధృతి పెరిగింది. శాస్త్రవేత్తలు మళ్ళీ గట్టిగా చెప్పారు. 1960 మార్చిలో పిచ్చుకల్ని చంపడం ఆపమని ఆదేశం వచ్చింది. నాలుగు పీడల జాబితాలో పిచ్చుకను తీసి, ఆ చోట నల్లిని పెట్టారు.

అప్పటికే చైనాలో ఘోరమైన కరువు నడుస్తోంది. 1959 నుంచి 1961 వరకు కోట్లాది మంది ఆకలితో చనిపోయారు. ఆ కరువుకు పిచ్చుకల్ని చంపడం ఒక్కటే కారణమంటే అబద్ధమవుతుంది. లేని దిగుబడిని ఉన్నట్లు లెక్కలు రాయడం, రైతు ఇంట్లో తిండిగింజలు కూడా మిగలకుండా సేకరించడం లాంటి పెద్ద తప్పులు చాలా జరిగాయి. అయితే పిచ్చుకలు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో పంట మరింత పడిపోయిందని ఇటీవల ఆర్థికవేత్తలు పాత లెక్కలు తీసి చూపించారు. నష్టంలో దీనికీ వాటా ఉంది.

చంపడం ఆపితే సరిపోయిందా?

చంపడం ఆపాక పిచ్చుక మెల్లమెల్లగా బీజింగ్‌కు తిరిగొచ్చింది. కానీ కథ అక్కడితో అయిపోలేదు. పట్నం పెరిగింది. 1953 జనగణనలో 30 లక్షల లోపు ఉన్న జనాభా, పొలిమేరలు కూడా పెరిగి, 2020 జనగణన నాటికి 2 కోట్ల 18 లక్షలు దాటింది. పెంకుటిళ్ళు పోయి మేడలు లేచాయి. మట్టినేల సిమెంటు అయింది. ఈసారి పిచ్చుకను ఎవరూ డప్పు కొట్టి తరమలేదు. గూటికి చోటు లేక, పిల్లలకు పురుగు లేక అదే తప్పుకుంది.

నగరంలో పిచ్చుక ఎక్కడ నిలిచిందో చూస్తే విషయం అర్థమవుతుంది. పాత పెంకుటిళ్ళ వాడల్లో నిలిచింది. ఎత్తైన మేడలు, గట్టినేల పెరిగిన చోట పలచబడింది. కొన్ని చోట్ల ఏసీ గొట్టాల కోసం గోడకు పెట్టిన కంతల్లో దూరి గూడు కట్టుకుంది. అంటే పిట్ట మొండిది. కాస్త సందు దొరికితే చాలు, సర్దుకుంటుంది.

తర్వాత ప్రభుత్వం కూడా దారి మార్చింది. 2000లో చైనా ప్రకటించిన రక్షిత జీవుల జాబితాలో, ఒకప్పుడు పీడ అన్న ఈ పిచ్చుకే చేరింది. 2012 నుంచి నాలుగేళ్ళలో బీజింగ్ మైదాన ప్రాంతంలో పది లక్షల 'మూ'ల నేలలో చెట్లు పెంచారు. అంటే మన లెక్కలో లక్షా 60 వేల ఎకరాలకు పైమాటే. 2018 నుంచి 2022 వరకు మరో పది లక్షల మూలు. ఈ మధ్య కొన్ని పార్కుల్లో గడ్డిని నున్నగా కోయడం మానేసి కొంత నేలను దాని మానాన వదిలేస్తున్నారు. రాలిన ఆకుల్ని ఊడ్చరు. పిచ్చిమొక్కల్ని పీకరు. మందు కొట్టరు. ఆకుల కింద పురుగు పుడుతుంది, గడ్డికి గింజ పడుతుంది, ఆ రెండింటి కోసం చిన్న పిట్టలు దిగుతాయి. ఇప్పుడు బీజింగ్ పరిధిలో 500కు పైగా పక్షి జాతులు నమోదయ్యాయి.

చూశారా? పిట్ట తిరిగి రావడానికి బంగారు పంజరం అక్కర్లేదు. గూటికి సందు, పిల్లకు పురుగు, చలికాలానికి గింజ. ఈ మూడూ ఉంటే చాలు.

మన హైదరాబాదు సంగతి

మన దగ్గర పిచ్చుకల్ని ఎవరూ పనిగట్టుకుని చంపలేదు. అయినా పట్నాల్లో తగ్గాయి. దేశవ్యాప్తంగా పక్షులు చూసేవాళ్ళు నమోదు చేసిన లెక్కలతో 2020లో ఒక నివేదిక వచ్చింది. దేశం మొత్తం మీద చూస్తే పిచ్చుకల సంఖ్య నిలకడగానే ఉందట. హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గింది. ఢిల్లీ ప్రభుత్వం 2012లో పిచ్చుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. 2010 నుంచి ఏటా మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం జరుపుతున్నారు. పట్నంవాళ్ళు ఇప్పుడు డబ్బు పెట్టి గూటిపెట్టెలు కొని గోడలకు తగిలిస్తున్నారు.

సెల్ టవర్ల వల్లే పిచ్చుకలు పోయాయని చాలామంది అంటారు. దానికి గట్టి రుజువు దొరకలేదు. కంటికి కనిపించే కారణాలు వేరే ఉన్నాయి. దూలాలు, వాసాలు, చూర్లు లేని స్లాబు ఇళ్ళు. పొదలు కొట్టేసిన పెరళ్ళు. ప్యాకెట్లలో వచ్చే బియ్యం. పురుగు లేని నేల.

ఈ మార్పులన్నీ మన ఊళ్ళకూ వస్తున్నాయి. తాటాకిళ్ళు, పెంకుటిళ్ళు పోయి స్లాబులు వచ్చాయి. అవి రావాల్సిందే, ఎవరూ వద్దనరు. కల్లంలో నూర్పిళ్ళు పోయి కోత యంత్రాలు వచ్చాయి. గట్ల మీద కలుపు మందు కొడుతున్నాం. పట్నం పోగొట్టుకుని వెతుక్కుంటున్నదాన్ని మనం కూడా పోగొట్టుకోవాలా అన్నదే ప్రశ్న.

ఒక్క గూడు లెక్క మీరే కట్టండి

పెద్ద పిచ్చుక గింజ తింటుంది. కానీ పిల్ల పిచ్చుకకు గింజ అరగదు. పుట్టిన మొదటి రోజుల్లో దానికి మెత్తని పురుగే తిండి. గొంగళిపురుగులు, చిన్న మిడతలు, పేను బంక, పెంకు పురుగులు తల్లీ తండ్రీ ఇద్దరూ ముక్కున కరుచుకు వస్తాయి. ఒక్కో గూట్లో సాధారణంగా మూడు నుంచి అయిదు గుడ్లు పెడుతుంది. రెండు వారాల లోపే పొదుగుతుంది. పిల్లలు మరో రెండు వారాలు గూట్లో ఉంటాయి. ఏడాదిలో రెండు మూడు సార్లు ఇదే తంతు.

మీ ఇంట్లోనో, పసుల కొట్టంలోనో పిల్లలున్న గూడు ఉంటే ఒక అరగంట ఎడంగా కూర్చుని చూడండి. ఎన్నిసార్లు మేత తెచ్చాయో పిల్లల చేత గీతలు పెట్టించండి. మాటవరసకు అరగంటలో ఆరుసార్లు వచ్చాయనుకుందాం. గంటకు పన్నెండు. పన్నెండు గంటల పగటికి 144 సార్లు. పదిహేను రోజులకు 2,160 సార్లు. ఇది ఒక్క గూటి లెక్క, ఒక్క కాన్పు లెక్క. ఈ మేతంతా గూటికి దగ్గర్లోని పెరట్లో, ఊరిని ఆనుకున్న చేలల్లో ఏరి తెచ్చిందే.

గింజ తిన్న నాలుగు రోజులు మనం మంచె మీద ఉంటాం కాబట్టి కళ్ళారా చూస్తాం. పురుగు తిన్న రోజుల్లో మనం అక్కడ ఉండం. అందుకే ఖర్చు కనిపిస్తుంది, ఆదాయం కనిపించదు.

పక్షి చేయగలిగింది, చేయలేనిది

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. పిట్టలు ఉంటే ఇక పురుగు మందే అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. పత్తికాయ లోపల దాక్కునే గులాబీ రంగు పురుగును ఏ పిట్టా తీయలేదు. వరి కాండం లోపలి పురుగూ అంతే. ఆకు అడుగున ఉండే తెల్లదోమ, తామర పురుగుల్ని అదుపు చేయడం వాటి వల్ల కాదు. పురుగు ఉధృతి ఒకసారి హద్దు మీరితే పిట్టలు ఆపలేవు.

మరి లాభమేంటి? ఆకు మీద, నేల మీద బయట తిరిగే గొంగళిపురుగులు, మిడతలు, పెంకు పురుగులు, రెక్కల పురుగులు కొద్దిగా ఉన్నప్పుడే తినేసి, ఎక్కువ కాకుండా చూస్తాయి. దీనివల్ల ఒక్క పిచికారీ తప్పినా, మందు ఖర్చు, కూలి ఖర్చు రెండూ మిగులుతాయి. అప్పు తెచ్చి మందు కొనే రైతుకు ఆ ఒక్క పిచికారీ చిన్న విషయం కాదు.

ఇంకో సంగతి. పిచ్చుక ఊరు దాటి దూరం పోదు. దూరపు చేలల్లో ఆ పని చేసేవి వేరే ఉన్నాయి. పసులపోలిగాడు, అదేనండీ, కొన్ని చోట్ల ఏట్రింత అనే నల్లని పంగతోక పిట్ట. గోరింక, పాలపిట్ట, కొంగ. పొలంలో చేసే ఏర్పాట్లు ముఖ్యంగా వీటి కోసం.

పొలంలో చేయాల్సినవి

1. పత్తి, కంది, శనగ, వేరుశనగ చేలల్లో ఎకరాకు 15 నుంచి 20 పక్షి స్థావరాలు పెట్టండి. గడకర్రకు అడ్డకర్ర కట్టి, పైరు కంటే అడుగు రెండడుగుల ఎత్తు ఉండేలా పాతితే చాలు. పసులపోలిగాడు దాని మీద కూర్చునే పురుగును కనిపెడుతుంది. ఖర్చు లేని పని.

2. పత్తి చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న వేయండి. పిట్టలు ఆ కంకుల కోసం వచ్చి, పక్కనున్న పత్తిలో పురుగునూ ఏరతాయి.

3. వేసవి దుక్కి పగటిపూట దున్నండి. మట్టిలో నిద్రపోయే పురుగు కోశాలు బయటపడతాయి. నాగలి వెంట, ట్రాక్టరు వెంట వచ్చే కొంగల్ని, గోరింకల్ని అదిలించకండి.

4. గట్టు మీద ఒక పక్కనైనా గడ్డి, పొద ఉండనివ్వండి. గట్టంతా కలుపు మందు కొట్టి మాడ్చకండి. బీజింగ్ పార్కుల్లో ఏరికోరి వదులుతున్నది ఆ గడ్డినే. పంటకు చీడ చేర్చే మొక్కలుంటే వాటిని మాత్రం పీకేయండి.

5. గుళికల మందును పిట్టలు గింజలనుకుని మింగుతాయి. గుళికలు పైన కనిపించేలా చల్లి వదలకండి. ఫోరేట్ గుళికలను 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో నిషేధించారు. పాతవి ఎవరైనా ఇచ్చినా వాడకండి.

6. మందు పట్టించిన విత్తనం సాళ్ళలో పైకి తేలకుండా మట్టి కప్పండి. ఒలికినవి ఏరి లోతుగా పూడ్చండి. నాటుకోళ్ళకూ ప్రమాదమే.

గింజ దశలో కాపలా

పిచ్చుక మేలు చేస్తుందని జొన్నచేనును దానికి అప్పగించమని ఎవరూ చెప్పరు. కాపలా కాయాల్సిందే. అయితే చంపకుండా కాయొచ్చు.

ముందుగా పక్షి స్థావరాల్ని గింజ పట్టే దశలో తీసేయండి. జొన్న, సజ్జ వేసే రైతులు పక్కపక్కనే, ఒకే వారంలో విత్తుకోండి. ఊరందరి కంటే ముందో వెనకో కంకి వేసిన ఒంటరి చేను మీదే పిట్టల దండు మొత్తం పడుతుంది. అందరి చేలూ ఒకేసారి కంకి వేస్తే నష్టం పంచుకున్నట్లవుతుంది. కాపలా మనుషుల్నీ పంచుకోవచ్చు. పాలు పోసుకున్నప్పటి నుంచి గింజ గట్టిపడే దాకా పొద్దున్నే, సాయంత్రం ఎక్కువ జాగ్రత్త అవసరం. పైరుకు అడుగు ఎత్తున మెరుపు రిబ్బన్లు కట్టండి. గాలికి మెరుస్తూ చప్పుడు చేసి బెదరగొడతాయి. అలవాటు పడకుండా రెండు మూడు రోజులకోసారి చోటు మార్చండి.

విషం కలిపిన గింజలు మాత్రం ఎప్పుడూ చల్లకండి. ఆ గింజకు దొంగపిట్ట, దొరపిట్ట తేడా తెలియదు. గోరింకలు, పావురాలు, మీ పెరటి కోళ్ళు కూడా చస్తాయి.

ఇంటి దగ్గర

స్లాబు ఇల్లు కట్టుకున్నా పిచ్చుకకు చోటివ్వొచ్చు. చిన్న మట్టికుండో, ఎండిన సొరకాయ బుర్రో, చెక్కపెట్టో చూరు కింద, ఎనిమిది పదడుగుల ఎత్తున కట్టండి. కంత ఒకటిన్నర అంగుళం మించకూడదు. పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. పడమటెండ తగలని చోట, పిల్లి ఎక్కలేని చోట ఉండాలి. రేకు కింద కట్టకండి, ఎండకు పిల్లలు ఉడికిపోతాయి. తిరిగే ఫ్యాను దగ్గర అసలే వద్దు. వేసవిలో ఒక మూకుట్లో అంగుళం లోతు నీళ్ళు పోసి, రోజూ మార్చండి.

మన పెద్దలు కొత్త వరికంకులతో కుచ్చులు అల్లి గుడి మండపంలో, అరుగు మీద వేలాడదీసేవారు. ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో ఆ ఆనవాయితీ ఉంది. చేను కోశాక ఒక కుచ్చు కడితే పోయేది గుప్పెడు గింజలు. కానీ గుర్తుంచుకోండి, గింజ పెట్టినంత మాత్రాన పిట్ట నిలవదు. పిల్లకు పురుగు కావాలి. పెరట్లో ఒక కూరపాదు, ఒక పొద, మందు పడని జానెడు నేల ఉంటేనే ఆ గూడు నిండుతుంది.

చదివాక చర్చించుకోండి

మీ ఊళ్ళో పదేళ్ళ కిందట కనిపించి, ఇప్పుడు కనిపించని పిట్టలేవి? అవి గూడు కట్టుకునే చోటు పోయిందా, తిండి పోయిందా? పోయిన పంటకాలంలో మీరు కొట్టిన పిచికారీలు ఎన్ని, అందులో పురుగును చూసి కొట్టినవి ఎన్ని, పక్క చేను వాళ్ళు కొట్టారని కొట్టినవి ఎన్ని? ఈ మూడింటికీ జవాబులు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వచ్చే పంటకు ఓ మూల పది స్థావరాలు పెట్టి చూడండి. తేడా ఉందో లేదో మీ కళ్ళే చెబుతాయి.

బీజింగ్ పిచ్చుకను తరమడానికి మూడు రోజులు సరిపోయాయి. తిరిగి పిలవడానికి దశాబ్దాలు పట్టింది, లక్షల ఎకరాల్లో చెట్లు పెంచాల్సి వచ్చింది. మన చేలో అది ఇంకా ఉంది. ఉన్నదాన్ని నిలుపుకోవడానికి మనకు కావలసింది నాలుగు కర్రలు, ఒక కుండ, కాస్త గడ్డి గట్టు.